వదిన పొటాషియం సిరప్ గురించి

చి. శ్రీనుకి ఆశీస్సులు.

నువ్వు పంపిన డిశ్చార్జి కాగితం, రక్తపరీక్ష రిపోర్టు చూశాను. పొటాషియం 2.9 ఉంది. ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా. కాళ్ల వాపుకి వాడే లాసిక్స్ ఒంట్లో నీళ్లతోబాటు పొటాషియాన్నీ మూత్రంలో పంపేస్తుంది. పైన విరేచనాలు కూడా పట్టుకున్నాయి కాబట్టి పడిపోవడంలో వింతేం లేదు. సిరప్ ఇవ్వాల్సిందే, కానీ బలం మందు పోసినట్టు పొయ్యకు. పొటాషియం తగ్గినా గుండె లయ తప్పుతుంది, మితిమీరినా తప్పుతుంది.

సీసా మీద చూడు, 15 మి.లీ.లో 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ అని ఉంటుంది. ఆస్పత్రి లెక్కలో అది 20 మిల్లీ ఈక్వివలెంట్లు. వదినకి రాసింది పూటకి 15 మి.లీ., రోజుకి రెండు పూటలు, 5 రోజులు. వంటింటి చెంచాతో కొలవకు, ఏ రెండు చెంచాలూ ఒక్క కొలత ఉండవు. సీసాతో వచ్చిన గీతల మూతను బల్ల మీద పెట్టి, తల వంచి గీతకి సూటిగా చూస్తూ పొయ్యి. దాన్ని పెద్ద గ్లాసుడు చల్లటి నీళ్లలో కలుపు. అన్నం తిన్నాక ఐదు పది నిమిషాలు గుక్కగుక్కగా తాగించు. చిక్కగా తాగితే కడుపులో మంట, వికారం, వాంతి. అప్పుడు మందు దండగ, మనిషి నీరసం. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు ఇవ్వొద్దు. వాంతైనా మళ్లీ పొయ్యొద్దు, డాక్టరుకి ఫోన్ చెయ్యి.

ఇంకొక్కటి రోజూ అడుగు: మూత్రం బాగా వస్తోందా? ఎక్కువైన పొటాషియం బయటికి పోయే ముఖ్యమైన దారి కిడ్నీలే. మూత్రం బాగా తగ్గిన రోజు సిరప్ ఆపి, అడిగాకే ఇవ్వాలి.

తర్వాత మాత్రలకి మారిస్తే, 600 మి.గ్రా. మాత్రలో 8 మిల్లీ ఈక్వివలెంట్లే ఉంటాయి కాబట్టి సంఖ్య ఎక్కువ కనిపిస్తుంది, కంగారు పడకు. అవి మెల్లగా కరిగేలా చేసినవి. నూరితే మందంతా ఒక్కసారే వదిలేస్తుంది. కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, అరగంట దాకా పడుకోకూడదు. గొంతు కింద ఇరుక్కుంటే అక్కడే పుండు పడుతుంది. మలంలో మాత్రలాంటి గుల్ల కనిపిస్తే అది మందు దిగిపోయిన పెంకు మాత్రమే. మలం నల్లగా తారులా వస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి పోవాలి.

అసలు ప్రమాదం సీసాలో కన్నా పక్కనున్న మందుల డబ్బాలో ఉంటుంది. వదిన బీపీకి వేసుకునే టెల్మిసార్టన్ పొటాషియాన్ని ఒంట్లో నిలబెడుతుంది. పేరు చివర ‘సార్టన్’, ‘ప్రిల్’ ఉన్నవన్నీ అంతే. స్పైరోనోలాక్టోన్ ఇంకా ఎక్కువ. లాసిలాక్టోన్‌ని లాసిక్సే అనుకుని ఇచ్చేవాళ్లున్నారు. అందులో స్పైరోనోలాక్టోన్ కలిసి ఉంటుంది, చీటీతో పేరు అక్షరం అక్షరం సరిచూడు. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ కొనుక్కోవడం మానిపించు, అది కిడ్నీ పని తగ్గిస్తుంది. కిడ్నీలో రాళ్లకి ఇచ్చే పొటాషియం సిట్రేట్ ఇంట్లో ఉంటే అదీ ఇదే లెక్కలోకి వస్తుంది. స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు కుమ్మరించు.

వంటింట్లో చూడాల్సింది ‘లో సోడియం’ ఉప్పు. సోడియం తగ్గించి ఆ చోట పొటాషియం క్లోరైడే కలుపుతారు, బీపీకి మంచిదని ఈ సమయంలో తేకండి. కొబ్బరి నీళ్లూ అంతే. ఒక బోండాంలో ఐదారు వందల మి.గ్రా. పొటాషియం ఉండొచ్చు, సిరప్ ఒక మోతాదులో దాదాపు 780. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ తలా రెండు బోండాలు తెస్తారు, అదే మన మర్యాద! ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య బతికే కిడ్నీ రోగులకి ఆ నీళ్లు వద్దని చెప్పేది ఇందుకే. విరేచనాలు మళ్లీ మొదలై ఓఆర్‌ఎస్ తాగిస్తే, లీటరులో ఇంకో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయని డాక్టరుకి గుర్తు చెయ్యి.

ఐదో రోజు అయ్యాక సీసాలో మిగిలినా సరే, రక్తపరీక్ష చేయించకుండా ఇంకో పూట ఇవ్వొద్దు. పొటాషియంతోబాటు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష), మెగ్నీషియం కూడా రాయించు. మెగ్నీషియం తక్కువుంటే ఎంత సిరప్ పోసినా పొటాషియం నిలబడదు. గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో ఇది ఉంటుంది. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించొద్దని వదినకి చెప్పు, అలా చేస్తే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

కాళ్లూ చేతులూ సత్తువ లేకుండా పోవడం, నాడి బాగా నెమ్మదించడం, కళ్లు తిరగడం కనిపిస్తే సిరప్ ఆపేసి 108కి ఫోన్ చెయ్యి, వెళ్లగానే ఈసీజీ తీయమను. చాలామందికి ఏ లక్షణమూ లేకుండానే పొటాషియం పెరుగుతుంది, అందుకే పరీక్ష తేదీ దాటకూడదు. నీరసంగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ సూదితో పొటాషియం ఎక్కిస్తానంటే ఒప్పుకోకు. అది సెలైన్‌లో బాగా పలచన చేసి, గంటల తరబడి, ఆస్పత్రిలోనే ఎక్కించాలి. సిరలోకి నేరుగా పొడిస్తే గుండె ఆగిపోతుంది.

మిగిలిన సీసా పిల్లలకి అందకుండా పెట్టు. పక్కింటి సుబ్బమ్మగారు పిక్కలు పట్టేస్తున్నాయంటే జాలిపడి పొయ్యకు, ఆవిడకి షుగరూ కిడ్నీ సమస్యా రెండూ ఉన్నాయి.

రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు.

మీ బాబాయి