గిటార్ వచ్చినవాళ్లకు ల్యూట్ కష్టమా?

ప్రశ్న: నాకు గిటార్ వచ్చు. 16వ శతాబ్దంలో యూరప్‌లో వాయించిన ల్యూట్ అనే తీగవాద్యాన్ని ఇప్పటికీ చేత్తో తయారుచేస్తున్నారట. కొంటే మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాలా?

జవాబు: ఎడమచేతికి పెద్ద టెన్షన్ లేదండీ. మీ గిటార్‌లో మూడో తీగను ఒక ఫ్రెట్ (మెట్టు) అంత దించి, మూడో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) బిగిస్తే ఆరు వరసల (వరస అంటే ఒంటరి తీగ లేదా జంట తీగలు) ల్యూట్ శ్రుతి వచ్చేస్తుంది, ల్యూట్ స్వరకర్త జాన్ డౌలాండ్ రచనల్లో తేలికైనవి దాంతోనే మొదలుపెట్టవచ్చు. అలవాటు మార్చుకోవాల్సింది కుడిచెయ్యే. సాధారణంగా మొదటి తీగ ఒంటరిది, మిగతావన్నీ జంటలు. రెండూ కలిసి మోగాలంటే గోళ్లు తీసేసి వేలికొసలతో మీటాలి. స్ప్రూస్ చెక్కతో చేసే పైపలక మందం 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు కాబట్టి స్టీలు తీగలు మాత్రం ఎక్కించకండి, విరిగిపోతుంది! మెడకు చుట్టి కట్టిన ఫ్రెట్లు అరిగితే మళ్లీ కట్టుకోవాలి. మొదటిది ఏడెనిమిది వరసలదే తీసుకోండి.