కోళ్ల బకెట్టూ, తరవాణి కుండా

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

పది వనరాజా రకం పెరటి కోళ్లు తెచ్చావని, మేత పులియబెట్టి పెడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఇడ్లీ పిండి పులియబెట్టేవాడికి ఇదెంత పని అన్నావట. ఆ ధైర్యంతోనే నేను మూడు పెట్టలను పోగొట్టుకున్నాను నాయనా.

నువ్వు తలచుకోవలసింది ఇడ్లీ పిండిని కాదు, మీ అమ్మమ్మ గంజి పులియబెట్టే తరవాణి కుండను. పిండి ఒక్క రాత్రి పొంగితే చాలు, తెల్లవారి ఆవిరికి ఉడికిపోతుంది, అందులో ఏ క్రిమి ఉన్నా చాలావరకు ఆ వేడికే చస్తుంది. కోళ్ల మేత మళ్లీ పొయ్యి ఎక్కదు. దానికి కాపలా పులుపొక్కటే. అందుకే ఆ పులుపు త్వరగా ఎక్కాలి. అమ్మమ్మ తరవాణి కుండను ఏనాడూ అడుగంటా ఖాళీ చేసేది కాదు, పాత పులుపు కొంచెం ఉంచి దాని మీదే కొత్త గంజి పోసేది. నువ్వూ బకెట్టులో ఒక గ్లాసు పాత నీళ్లు ఉంచుకో.

ప్లాస్టిక్ బకెట్టు గానీ స్టీలు డబ్బా గానీ తీసుకో. రేకు డబ్బా, అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు వాటిని తినేస్తుంది. కోడికి రోజుకు 100 నుంచి 120 గ్రాముల పొడి మేత లెక్కన తూచి, గింజల మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పొయ్యి. సాయంత్రానికి గింజలు ఉబ్బి నీళ్లన్నీ తాగేసి పైకి తేలతాయి, మళ్లీ పొయ్యాలి. నీటి పైకి తేలిన గింజకే బూజు పడుతుంది. మొదటి రోజు ఏమీ జరిగినట్టుండదు. రెండో రోజు కర్రతో తిప్పితే కర్ర చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. మూడో రోజు మూత తీయగానే రాగి అంబలి వాసన ముక్కుకు తగలాలి. పైన పలచటి తెల్లటి పొర కడితే తీసి పారెయ్యి, ఫరవాలేదు. నూగుగా, ఆకుపచ్చగా, నల్లగా ఏదైనా కనబడితే బకెట్టంతా గోతిలో పొయ్యి. కోళ్లే కదా, ఏదైనా తింటాయిలే అనుకోకు.

ఉప్పు వెయ్యకు. మన పచ్చళ్లను నిలబెట్టేది ఉప్పే, కోడికి మాత్రం మేత మొత్తంలో అర శాతానికి మించకూడదు. అడుగున మిగిలిన ఊరగాయ ఊట పొయ్యడం లాంటి తెలివితేటలు అసలే వద్దు. గుడ్డు పెంకు కోసం ఆల్చిప్పల పొడి విడిగా వేరే చిప్పలో పెట్టు. బకెట్టులో కలిపితే బుసబుసమని పొంగి పులుపంతా విరిగిపోతుంది.

ఇక నా మూడు పెట్టల సంగతి. వానాకాలంలో మొక్కజొన్న బస్తా అడుగు తడిసింది. చెయ్యి పెట్టి తీస్తే వేళ్లకు ఆకుపచ్చటి పొడి అంటింది, ముక్కిన వాసన వచ్చింది. పులిస్తే వాసన పోతుందిలే అనుకున్నాను. నిజంగానే పోయింది. కోళ్లు ఎగబడి తిన్నాయి. వారం తిరిగేసరికి తురాయిలు పాలిపోయాయి, గుడ్లు ఆగాయి, తర్వాత మూడూ ఒకదాని వెంట ఒకటి పోయాయి. బూజు విడిచిన అఫ్లాటాక్సిన్ అనే విషమని, పులియబెట్టినా ఉడకబెట్టినా అది పోతుందనే నమ్మకం లేదని పశువుల డాక్టరు చెప్పాడు. నన్ను మోసం చేసింది ఆ మంచి వాసనే. అందుకే ఇప్పుడు నానబెట్టకముందే, పొడి గింజనే వాసన చూస్తాను.

ఇంకో మాట. పులిసినంత మాత్రాన ఉత్త మొక్కజొన్న పూర్తి దాణా అయిపోదు. గింజలో బిగిసి ఉన్న భాస్వరం కోడి ఒంటికి కొంత పడుతుంది, తడి మేత కనుక చిమ్మి పారబోయడం తగ్గుతుంది. మాంసకృత్తులు మాత్రం కొత్తగా పుట్టవు. కాబట్టి గుడ్ల కోళ్ల దాణానే పులియబెట్టు, నూకలు కొంచెం కలుపుకో. గంటలో తినగలిగినంతే పెట్టు. మధ్యాహ్నం ఎండకు తొట్టిలో మిగిలితే ఈగలు ముసురుతాయి.

ఆదివారం వస్తున్నాను. గురువారం సాయంత్రం నానబెట్టి ఉంచు, మూత నేనే తీస్తాను.

మీ పెద్దమ్మ