దక్షిణ సూడాన్ వెళ్తున్న మేనల్లుడికి

నల్లగొండ

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో దక్షిణ సూడాన్‌కు నీ పేరు ఖరారైందని మీ అమ్మ చెప్పింది. పరదేశానికి వెళ్లిన సైన్యం పోరు ఆపి తిరిగి రావాలా, అక్కడి రాజ్యాన్ని నిలబెట్టే పని కూడా నెత్తికెత్తుకోవాలా అని నీవు అడిగిన ప్రశ్నకు ఫోనులో నాలుగు మాటలతో సరిపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. తహసీలు కచేరీలో పనిచేసినవాణ్ణి కనుక, రాజ్యం అనగానే నాకు పహాణీలు, శిస్తు రసీదులు, నెలనెలా అందవలసిన జీతాలు గుర్తొస్తాయి. నా సలహా కూడా ఆ దృష్టితోనే ఉంటుంది.

ఉన్న పాలనను పడగొట్టినవాడు మరో పాలన కుదురుకునే దాకా శాంతిభద్రతలకు, జీతాలకు, దస్త్రాలకు పూచీ వహించి తీరాలి. 2011లో నాటో దళాలు లిబియాలో బాంబులు వేసి తప్పుకున్నాక ఆ దేశం ముఠాల పాలైంది. అయితే తమను ఎవరు పాలించాలో, ఎలాంటి రాజ్యాంగం రాసుకోవాలో తేల్చుకోవలసింది అక్కడి ప్రజలే. ఇరాక్‌లో 2003 మే నెలలో అమెరికా అధికారి బ్రెమర్ ఒక్క ఉత్తర్వుతో ఆ దేశ సైన్యాన్నే రద్దు చేశాడు. లక్షలాది మంది ఆయుధం పట్టడం నేర్చినవాళ్లు జీతం లేక వీధిన పడితే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద చదువులు అక్కరలేదు.

మన జిల్లా అనుభవాన్ని కూడా నీవు తెలుసుకొని వెళ్లాలి. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న మొదలుపెట్టిన పోలీసు చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. అది పరదేశం మీద దండయాత్ర కాదు కనుక పోలికకు హద్దులున్నాయి. అయినా అయిదు రోజుల్లో పోరు ముగిసిన చోట ప్రజలెన్నుకున్న ప్రభుత్వం రావడానికి మూడున్నరేళ్లు పట్టింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, ఇవి మేలు చేశాయి. అదే సైన్యం నల్లగొండ పల్లెల్లో రైతుల ఇళ్ల మీద కూడా పడింది. కమ్యూనిస్టుల సాయుధ పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు. బయటి ఉద్యోగులతో కచేరీలు నింపినందువల్ల రగిలిన అసంతృప్తి 1952లో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలనే ముల్కీ ఆందోళనగా బద్దలైంది. ఇన్ని జరిగినా పాలన నిలబడిందంటే అందుకు ఆ ఏటి ఎన్నికలే ముఖ్య కారణమని నా గట్టి నమ్మకం. అంతకు ముందు దాకా ప్రభుత్వం వేటాడిన కమ్యూనిస్టు పక్షానికి చెందిన రావి నారాయణరెడ్డి గారు పి.డి.ఎఫ్. (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) తరఫున నిలబడి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు.

2001 డిసెంబరులో జర్మనీలోని బాన్‌లో అఫ్గానిస్తాన్ భవిష్యత్తును మాట్లాడుకున్నప్పుడు ఓడిన తాలిబాన్లకు చోటు దక్కలేదు. ఆడపిల్లల బడులు మూసేవారి మీద నాకు గౌరవం లేదు, కాని వారిని లెక్కలోకి తీసుకోని ఒప్పందం ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా ఆ ఒప్పందంతో ఏర్పడిన ప్రభుత్వ ఖర్చులో సుమారు నాలుగింట మూడు వంతులు విదేశాల డబ్బే. విమానాలకు మరమ్మతు చేసే విదేశీ గుత్తేదార్లు వెళ్లిపోగానే వైమానిక దళం చతికిలబడింది, 2021 ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది.

నీవు వెళ్లే చోట శాంతిదళం 2011 జూలైలో మొదలైనప్పుడు కొత్త రాజ్యం నిలదొక్కుకోవడానికి తోడ్పడటం కూడా దాని పనిగా ఉండేది. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం రేగాక, 2014 మేలో ఆ బాధ్యతను తగ్గించి, పౌరుల రక్షణకు పెద్దపీట వేశారు. తోడ్పడవలసిన ప్రభుత్వమే తన జనం మీద తుపాకి ఎక్కుపెట్టిన చోట అది సరైన నిర్ణయమే.

అందుచేత పౌరుల రక్షణనే నీ మొదటి పనిగా పెట్టుకో. దక్షిణ సూడాన్‌లోని మలకాల్ పట్టణంలో మన సైన్యపు పశువైద్యులు అక్కడి పశువులకు చికిత్స చేస్తూ వచ్చారు. పశువే సంపద అయిన ఆ జనానికి అంతకంటే దగ్గరి సాయం ఉండదు. అయితే ఒక్క సూది వేసినా పక్కన ఆ ఊరి కుర్రవాణ్ణి నిలబెట్టుకొని నేర్పు. బడి గాని బోరుబావి గాని కట్టమని నీ దళాన్ని అడిగితే, మీరు వెళ్లాక దాని జీతం, మరమ్మతు ఎవరు భరిస్తారో ముందు అడుగు. జవాబు దొరకకపోతే కట్టవద్దని పైవారికి రాతపూర్వకంగా చెప్పు. ఊరి పెద్దలతో మాట్లాడేటప్పుడు ఒకే తెగవారితో కూర్చోకు, ఆడవాళ్లను విడిగా కలిసేందుకు వీలు చూసుకో. తిరిగి వచ్చేనాడు చార్జి అప్పగింత జాబితా రెండు ప్రతులు రాసి, ఒకటి నీ తర్వాత వచ్చే అధికారికి, రెండవది ఆ ఊరివాళ్ల చేతికి, వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇచ్చి రా.

మీ మామయ్య