లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో సెలవు రోజున హోల్డ్ గడువు పడితే ఏం జరుగుతుంది?

"ఎక్స్‌పైర్ రిజర్వ్స్ ఆన్ హాలిడేస్"ను వద్దని పెట్టినా పండగ సెలవులయ్యి లైబ్రరీ తెరిచేసరికి హోల్డులు (మెంబర్లు తమ కోసం ఆపి ఉంచమన్న పుస్తకాలు) రద్దయి ఉంటున్నాయని అడిగారు. ఇది బగ్ కాదు. ఆ సెట్టింగ్ గడువు తేదీ జోలికే పోదు. సెలవు రోజున రద్దు పని నడవకుండా ఆపుతుంది, అంతే. మీకు కావలసింది అదే హోల్డ్స్ పాలసీ భాగంలో ఉండే "ఎక్స్‌క్లూడ్ హాలిడేస్ ఫ్రమ్ మ్యాక్స్ పికప్ డిలే". గడువు లెక్కలోంచి సెలవులను తీసేసేది అదే.

2026 సంక్రాంతినే తీసుకోండి. జనవరి 14, 15, 16 సెలవులు, 18 ఆదివారం. "రిజర్వ్స్ మ్యాక్స్ పికప్ డిలే", అంటే పుస్తకం తీసుకోడానికి ఇచ్చే గడువు, 3 రోజులు. మంగళవారం 13న పుస్తకం చెక్-ఇన్ చేసి హోల్డ్ ఖాయం చేశారు. సెలవులను లెక్కలోంచి తీసేయకపోతే గడువు 16, అంటే కనుమ. 14 నుంచి 16 వరకు రద్దు స్క్రిప్ట్ ఏమీ చేయదు. 17 శనివారం పని దినమే కాబట్టి, తెల్లవారుజామున క్రాన్ (సర్వర్‌లో రోజూ వేళకు దానంతటదే నడిచే పని) నడవగానే "గడువు నేటికంటే ముందుది" అని హోల్డును కొట్టేస్తుంది. మీరు తాళం తీసేలోపే అయిపోయింది. పాపం, ఆ మెంబరుకు 13 సాయంత్రం తప్ప ఇంకేం దొరికినట్టు? సెలవులు తీసేస్తే లెక్క 17, 19, 20 మీద నడుస్తుంది. గడువు 20, రద్దు 21 తెల్లవారుజామున. గడువు రోజంతా మెంబరుదే.

సెలవులు తీసేసే ఆ సెట్టింగ్ ఆన్ చేశాక కూడా తేదీలు తప్పితే క్యాలెండర్ చూడండి. కోహా చూసేది పుస్తకం తీసుకునే శాఖ క్యాలెండర్‌ను. సెలవు పెట్టేటప్పుడు అన్ని లైబ్రరీలకూ కాపీ చేసే టిక్ మర్చిపోతే మిగతా శాఖలకు ఆ రోజు పని దినమే. దసరా, ఉగాది లాంటివి తిథిని బట్టి మారతాయి గనుక వాటికి "ఏటా అదే తేదీ" ఎంచుకోకండి. అది జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి వాటికే పనికొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ కొట్టేది ఇంకోటుంది. హోల్డ్ వెయిటింగ్‌లోకి (పుస్తకం అల్మరాలో మెంబరు కోసం ఎదురుచూసే స్థితిలోకి) వెళ్లిన క్షణానే కోహా గడువు తేదీ రాసిపెడుతుంది. తుపాను వచ్చి కలెక్టరు సెలవు ప్రకటించాక మీరు క్యాలెండర్‌లో ఎక్కించినా, అల్మరాలో ఉన్న హోల్డుల తేదీ మారదు. సర్వర్ చేతిలో ఉన్నవాళ్లు ముందు బ్యాకప్ తీసుకుని, డేటాబేస్‌లోని రిజర్వ్స్ టేబుల్‌లో ఆ శాఖకు చెందిన వెయిటింగ్ వరుసల గడువు తేదీ మార్చాలి. రిపోర్టుల పేజీ నుంచి ఈ పని కాదు, అక్కడ చదవడమే గానీ రాయడం కుదరదు. అంత అవకాశం లేకపోతే ఆ కొద్ది రోజులూ ఆటోమేటిక్ రద్దు సెట్టింగ్ "ఎక్స్‌పైర్ రిజర్వ్స్ మ్యాక్స్ పికప్ డిలే" ఆపేయండి.

అసలు రోజుకు పది హోల్డులు కూడా లేని కాలేజీ లైబ్రరీకి ఆటోమేటిక్ రద్దు అక్కర్లేదనే నేనంటాను. హోల్డ్స్ అవెయిటింగ్ పికప్ పేజీలో గడువు దాటినవి విడిగా కనిపిస్తాయి, కౌంటర్లో ఉన్నవాళ్లే చూసి రద్దు చేయొచ్చు. ఆటోమేటిక్ ఉంచుకుంటే మాత్రం తీసుకోనందుకు వేసే చార్జీ ఖాళీగా ఉందో లేదో చూడండి, లేదంటే సెలవులకు మెంబరు డబ్బు కట్టాల్సి వస్తుంది. స్క్రిప్ట్ హోల్డును కొట్టేసినా పుస్తకం అల్మరాలోనే ఉండిపోతుంది. "ఎక్స్‌పైర్ రిజర్వ్స్ ఆటో ఫిల్" ఆన్‌లో లేకపోతే, తెరిచిన రోజు పొద్దున దాన్ని మళ్లీ చెక్-ఇన్ చేస్తేనే వరుసలో తర్వాతి మనిషికి కబురు వెళ్తుంది.