ఛుట్టీకి రావాలంటేనే భయమేస్తోంది

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. పదకొండేళ్లుగా దుబాయ్‌లో బిల్డింగుల పని చేస్తున్నాను. కంపెనీ రెండేళ్లకోసారి టికెట్ ఇస్తుంది. పోయినసారి ఛుట్టీలో సామాన్లు, దావత్‌లు, పెట్టుపోతలు కలిసి లక్షన్నర అప్పయింది. నూటికి మూడు రూపాయల మిత్తి. అసలు ఇంకా తీరలేదు. ఈ దసరాకు 45 రోజులు సెలవు దొరికింది. దోస్తులు అప్పుడే ‘ఏం తెస్తున్నవ్?’ అంటున్నారు. అక్క మేనల్లుడికి ఐఫోన్ అడిగింది. నా భార్యేమో ‘వచ్చినా ఇంట్ల ఉంటవా’ అంటోంది. బిడ్డకు ఇప్పుడు నాలుగేళ్లు, పోయినసారి నా దగ్గరికే రాలేదు. టికెట్ డబ్బులు తీసుకుని ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను. తప్పా?

రండి. ఆ డబ్బుతో అప్పు కొంత తగ్గుతుందేమో గానీ, మళ్లీ టికెట్ వచ్చేసరికి మీ బిడ్డకు ఆరేళ్లు నిండుతాయి. నాన్నంటే ఫోన్‌లో కనిపించే మనిషని ఆ పిల్ల అప్పటికి ఖాయం చేసుకుంటుంది.

ముందు అప్పు సంగతి. లక్షన్నరకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,500. రెండేళ్లకు 1,08,000. పోయినసారి దావత్‌లకు మీరు ఇంకా డబ్బు కడుతూనే ఉన్నారు, తిన్నవాళ్లు ఎప్పుడో మర్చిపోయారు. ఈ లెక్క మీ భార్యకు తెలుసా? ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి అడుగుతున్నాను. గల్ఫ్‌లో పనిచేసే చాలామంది మగవాళ్లు అసలు జీతమెంతో, ఓవర్‌టైమ్ ఉందో లేదో, క్యాంపులో ఒక్క గదిలో ఎంతమంది పడుకుంటారో ఇంట్లో చెప్పరు. చెబితే బాధపడతారని కొంత, పరువు పోతుందని ఎక్కువ. మీ అక్కది అత్యాశ అనుకోకండి. పెద్ద పెద్ద పెట్టెలతో శంషాబాద్‌లో దిగే తమ్ముడే ఆమెకు తెలుసు. క్యాంపులో ఉండే తమ్ముడిని మీరెప్పుడూ చూపించలేదు.

బయల్దేరకముందే జీతం, మిత్తి, చేతిలో ఉన్నది భార్యకు అంకెలతో సహా చెప్పండి. ఈ ఛుట్టీకి ఇంత ఖర్చు అని ఇద్దరూ కలిసి అనుకోండి. తర్వాత అక్కకు మీరే ఫోన్ చేయండి. ‘నీ మరదలు వద్దంటోంది’ అని మాత్రం అనకండి. మీరు విమానమెక్కి వెళ్లిపోతారు, ఆ మాట పడాల్సింది ఆమె. ‘అక్కా, అప్పుల్లో ఉన్న, ఫోన్ నాతోని కాదు, బతుకమ్మకు చీర పెడత’ అంటే చాలు. పండక్కి ఆడబిడ్డకు చీర పెట్టడం మర్యాద. ఐఫోన్ ఎప్పటి నుంచి మర్యాద అయింది?

దోస్తుల విషయంలో మీరు అనవసరంగా భయపడుతున్నారు. దసరా సాయంత్రం ఊరంతా జమ్మి దగ్గరికే కదా వచ్చేది. ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటే, మీరు కలవాలనుకున్నవాళ్లలో ముప్పావు మంది ఒక్క పూటలో కలుస్తారు. ఎవరికీ యాటను కోయక్కర్లేదు. సీసా తేలేదని మొహం మాడ్చుకునేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, ఉండనివ్వండి. చిన్నప్పుడు మీతో బడికి నడిచిన వాడి పొలం దగ్గరికి ఒక పొద్దున వెళ్లి కూర్చోండి. దానికి ఖర్చేముంటుంది?

మీ భార్య మాట మీద కాస్త ఆగుదాం. ఆమె డబ్బు గురించి అనలేదు, మీరు ఇంట్లో ఉండట్లేదంది. పొద్దున పెళ్లి, మధ్యాహ్నం పరామర్శ, రాత్రి దావత్, ఆమెకు మిగిలేది నిద్రపోయే మనిషి. మొదటి వారం ఎవరింటికీ వెళ్లొద్దు. చూడాలనుకున్న చుట్టాలనే రమ్మనండి, టీ ఇవ్వండి. ఇంకొకటి. రెండేళ్లుగా ఫీజులు, చీటీలు, మీ అమ్మానాన్నల మందులు అన్నీ ఆమే చూసుకుంది. దిగీ దిగగానే ‘ఇదెందుకు ఇట్ల చేసినవ్’ అని పంచాయితీ పెట్టకండి. కొన్నాళ్లు చూడండి, అడిగితే చెప్పండి.

పాప దగ్గరికి రాకపోవడం మీ మీద కోపంతో కాదు. రెండేళ్ల పిల్లలు కొత్త ముఖానికి అలాగే బెదురుతారు. ఎత్తుకోబోయి ఏడిపించొద్దు, చాక్లెట్‌తో లంచమూ వద్దు. ఆమె ఆడుకునే చోట నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి, నాలుగు రోజుల్లో తనే వస్తుంది. బతుకమ్మకు తంగేడు, గునుగు కోయడానికి వెంట తీసుకెళ్లండి. పిల్లలు మాటల కంటే పనిలో తొందరగా దగ్గరవుతారు. అందాకా ఫోన్ వేళ మార్చండి. మీకు రాత్రి ఎనిమిదైతే ఇక్కడ తొమ్మిదిన్నర, నిద్రమత్తులో ఉన్న పిల్ల ఏం మాట్లాడుతుంది? సెలవు రోజు పొద్దున చేయండి.

కాగితాల పనికీ ఒక రోజు పెట్టుకోండి. మీది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్‌లాంటి దేశాలకు పనికి వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు అయితే, ప్రవాసీ భారతీయ బీమా యోజన గడువు చూసుకోండి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. ఆ కాగితం ఎక్కడుందో భార్యకు చూపించండి.

తిరిగి వెళ్లేటప్పుడు పాప నిద్రలో ఉండగా వెళ్లిపోకండి. చాలామంది అదే చేస్తారు, పిల్ల ఏడుపు చూడలేక. లేచి వెతుక్కున్న పిల్ల మరోసారి మిమ్మల్ని నమ్మడానికి వెనకాడుతుంది. రెండు రోజుల ముందే చెప్పండి, ఫోన్ ఎప్పుడు చేస్తారో చెప్పండి, ఆ వేళకే చేయండి.