ఆర్డర్ చేసిన సరుకు రాకపోతే: శ్రీలతకు ఉత్తరం

చిరంజీవి శ్రీలతకు, ఆశీస్సులు.

గ్రైండర్ సంగతి మీ అమ్మ చెప్పింది. 7,490 రూపాయలు యూపీఐలో కట్టావట, యాప్‌లో ‘డెలివర్డ్’ అని పడిందట, ఇంటికి మాత్రం పెట్టె రాలేదట. కస్టమర్ కేర్‌కి చేసినప్పుడల్లా ‘ఇంకో రెండు రోజులు చూడండి మేడమ్’ అంటున్నారట. ఇక ఫోన్లు చేయడం ఆపమ్మా. ఫోన్లో మాట్లాడింది వాళ్ల దగ్గర రికార్డవుతుంది గానీ నీ దగ్గర ఏమీ మిగలదు. ఈ వ్యవహారంలో మెట్టు మెట్టుకీ ఒక గడువుంది. నువ్వు ఎప్పుడు అడిగావో కాగితం మీద చూపించగలిగితేనే ఆ గడువు నీకు పనికొస్తుంది.

‘కొరియర్ అతను ఇచ్చానంటున్నాడు, మేమేం చేయగలం’ అన్న మాటకు నువ్వు తగ్గకూడదు. ఆ కొరియర్‌ని కుదుర్చుకున్నది నువ్వు కాదు, వాళ్లు. నువ్వు డబ్బు కట్టింది వస్తువు నీ చేతికి అందడానికి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లని కూడా వినియోగదారులనే అంటుంది. డబ్బు తీసుకుని వస్తువు అందించకపోతే అది లోపమే, దానికి జవాబు చెప్పాల్సింది అమ్మినవాళ్లే. తిరిగి అమ్ముకోవడానికి కొన్న సరుకైతే ఈ చట్టం వర్తించదు. బతుకుతెరువు కోసం సొంతంగా వాడుకునే మిషన్ అయితే వర్తిస్తుంది. నీది ఇంట్లోకి కొన్న గ్రైండర్ కాబట్టి ఆ పేచీయే లేదు.

ఈ రోజే చేయాల్సిన పని రుజువులు దాచుకోవడం. ఆర్డర్ పేజీ, ఇన్‌వాయిస్, ఏ తేదీకి ఇస్తామన్నారో ఆ లైను, ట్రాకింగ్ పేజీ మొత్తం, చాట్‌లో వాళ్లన్న ప్రతి మాట స్క్రీన్‌షాట్ తియ్యి. తేదీ, టైమ్ కనపడాలి. ట్రాకింగ్ వివరాలు కొన్నాళ్లకు తీసేస్తారు, అమ్మిన దుకాణం పేజీ కూడా మాయమవుతుంది. అందుకే రేపటికి వాయిదా వేయకు. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే 12 అంకెల నంబరు ఉంటుంది, అది విడిగా రాసిపెట్టుకో. ఇన్‌వాయిస్ మీద అమ్మినవాళ్ల పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఉంటాయి. చాలామంది యాప్ పేరు ఒక్కటే చూసి అసలు అమ్మినవాళ్లెవరో పట్టించుకోరు. తర్వాత ఫిర్యాదు రాసేటప్పుడు ‘మేం వేదిక మాత్రమే, అమ్మింది వేరేవాళ్లు’ అని యాప్ తప్పుకుంటే ఈ ఇన్‌వాయిసే ఆదుకుంటుంది.

ఇక ‘డెలివర్డ్’ సంగతి. పార్శిల్ ఇవ్వకుండానే అలా పడటానికి మామూలుగా కనిపించే కారణాలు కొన్నే. ఆ రోజు లెక్క పూర్తి చేయడానికి సాయంత్రం అన్నిటికీ గుత్తగా ‘డెలివర్డ్’ అని నొక్కేయడం, వాచ్‌మన్‌కో పక్కింటివాళ్లకో ఇచ్చి చెప్పకపోవడం, చిరునామా పొరపాటు, లేదా ఓటీపీ ముందే ఫోన్లో అడిగి తీసుకోవడం. ముందు వాచ్‌మన్‌ని, పక్కింటివాళ్లని ఒకసారి అడుగు. నిజంగా రాలేదని తేలాక, డెలివరీ రుజువు ఇమ్మని రాతలో అడుగు: ఎవరు సంతకం పెట్టారు, ఫొటో ఉందా, ఓటీపీ ఏ టైమ్‌కి నమోదైంది, ఆ సమయంలో డెలివరీ బాయ్ ఫోన్ ఏ ప్రాంతంలో ఉంది. ఇవి అడిగేసరికి చాలా కేసుల్లో వాళ్ల గొంతు మారుతుంది, ఎందుకంటే చూపించడానికి ఏమీ ఉండదు. ‘రాలేదు’ అని చెప్పడానికి యాప్‌లు సొంతంగా పెట్టుకునే గడువు చాలా తక్కువ. యాప్‌లో ఆ ఫిర్యాదు బటన్ నువ్వు ఇంకా నొక్కకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది నొక్కు, టికెట్ నంబరు తీసుకో. టికెట్ నంబరు ఇవ్వడం వాళ్ల బాధ్యత.

ఆ తర్వాత గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి, ఈమెయిల్. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి అమ్మకపు వేదికా ఈ అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు సైట్‌లో పెట్టాలి. యాప్‌లో అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతుకు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలరోజుల్లో పరిష్కరించాలి. కస్టమర్ కేర్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నా దొరకని ఈ గడువు, ఇక్కడ రాస్తే దొరుకుతుంది. కోపం, కథ ఏమీ వద్దు, ఇలా రాయి:

‘ఫలానా తేదీన ఫలానా నంబరు ఆర్డర్ కింద గ్రైండర్ కోసం 7,490 రూపాయలు చెల్లించాను. చెల్లింపు నంబరు ఇది. ఫలానా తేదీకి ఇస్తామన్నారు. ఫలానా తేదీన అందినట్టు మీ ట్రాకింగ్ చూపిస్తోంది, కానీ నాకు గానీ మా ఇంట్లో ఎవరికీ గానీ అందలేదు. టికెట్ నంబరు ఇది. డెలివరీ రుజువు పంపండి, లేదా నేను కట్టిన మొత్తాన్ని కట్టిన ఖాతాకే వాపసు చేయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం నెలలోగా పరిష్కరించకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.’

ఇంతే. స్క్రీన్‌షాట్లు జత చేసి పంపు. అమ్మినవాళ్ల ఈమెయిల్ తెలిస్తే వాళ్లకీ కాపీ వెళ్లాలి.

జవాబుగా కూపనో, వాలెట్‌లో క్రెడిటో ఇస్తామంటారు. ఒప్పుకోకు. ఒప్పుకుంటే ‘పరిష్కారమైంది’ అని టికెట్ మూసేస్తారు, ఆ క్రెడిట్‌కి మళ్లీ గడువుంటుంది, మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి. ఇంకోరకం జవాబు ‘రీఫండ్ వేసేశాం, బ్యాంకులో అడగండి’ అని. అప్పుడు రిఫరెన్స్ నంబరు అడుగు. యూపీఐ అయితే 12 అంకెలు, కార్డు అయితే ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబరు. అది ఉంటే బ్యాంకువాళ్లు డబ్బు ఎక్కడ ఆగిందో చెప్పగలరు. ఆ నంబరు ఇవ్వలేకపోతే రీఫండ్ ఇంకా కదల్లేదనే అనుకో.

ఇక్కడొక జాగ్రత్త, దయచేసి మర్చిపోకు. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. సరుకు రాక కంగారుపడేవాళ్ల కోసమే దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చునేవాళ్లున్నారు. యాప్ లోపలున్న నంబరు మాత్రమే వాడు. రీఫండ్ పేరుతో లింకు పంపినా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా, స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా ఒప్పుకోకు, ఫోన్ పెట్టెయ్. డబ్బు రావడానికి యూపీఐ పిన్ నొక్కాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఒక గ్రైండర్ డబ్బు పోయిందని వెళ్లి ఖాతా మొత్తం పోగొట్టుకున్న ఇళ్లున్నాయి.

48 గంటల్లో ఉలుకూ పలుకూ లేకపోయినా, వచ్చిన జవాబు డొంకతిరుగుడుగా ఉన్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెయ్యి. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. 8800001915కి వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఫిర్యాదు నంబరు ఇస్తారు. పెద్ద కంపెనీలు చాలావరకు ఈ హెల్ప్‌లైన్‌తో నేరుగా కలిసి పనిచేస్తాయి కాబట్టి ఫైలు కింది సిబ్బందిని దాటి పైకి వెళ్తుంది. నీ గ్రైండర్ లాంటి చిన్న మొత్తాలు ఇక్కడే తేలిపోయే అవకాశం బాగా ఉంది. అయితే ఇది కోర్టు కాదు, ఎవరినీ కట్టమని ఆదేశించలేదు. కంపెనీ ‘పరిష్కరించాం’ అని రాసి మూయించేస్తే డబ్బు రాలేదని చెప్పి మళ్లీ నమోదు చేయించు.

బ్యాంకు దారి వేరుగా నడిపించు. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు మీదే ఫిర్యాదు పెట్టే వీలుంటుంది, ‘చెల్లించాను, వస్తువు అందలేదు’ అని పెట్టు. క్రెడిట్ కార్డుతో కొనివుంటే ఇంకా బలంగా ఉండేది. కార్డు నెట్‌వర్కుల్లో చార్జ్‌బ్యాక్ అనే పద్ధతి ఉంది, అంటే కట్టిన డబ్బుని బ్యాంకు ద్వారా వెనక్కి అడగడం, వస్తువు రావాల్సిన తేదీ నుంచి మామూలుగా 120 రోజుల దాకా అడగొచ్చు, బ్యాంకు సొంత గడువు అంతకంటే తక్కువ ఉండొచ్చు కాబట్టి ఆలస్యం చేయకూడదు. మీ ఆయనకి ఈ సంగతి చెప్పు, పెద్ద వస్తువులు కొనేటప్పుడు పనికొస్తుంది. ఒకటి మాత్రం కలగాపులగం చేయకు. ఖాతాలో డబ్బు కట్ అయి అవతల ఆర్డరే నమోదు కాకపోతే అది విఫలమైన లావాదేవీ. దానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు ఆదేశం ఉంది, 5 రోజుల్లో డబ్బు దానంతటదే తిరిగి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున కట్టివ్వాలి. నీ ఆర్డర్ నమోదైంది కాబట్టి ఈ 100 రూపాయల లెక్క నీకు రాదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఆ వివరాలకు 14448కి ఫోన్ చెయ్యి.

నెల గడిచినా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, జనం వినియోగదారుల కోర్టు అనేది అదే. ఆ పేరు వినగానే వకీలు, ఖర్చు అని వెనక్కి తగ్గుతారు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకి ఫీజు సున్నా, వకీలు తప్పనిసరి కాదు. కంపెనీ షరతుల్లో ‘వివాదాలు బెంగళూరు కోర్టుల్లోనే’ అని ఉంటుంది, దాన్ని చూసి బెదరకు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం నువ్వు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని ఫిర్యాదు ఎక్కించొచ్చు, వీడియోలో వాదన వినిపించమని కూడా అడగొచ్చు.

వేసేముందు ఒక నోటీసు పంపడం మంచిది. స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ వివరం దాచు, 15 రోజుల గడువు ఇవ్వు. ఫిర్యాదులో అమ్మినవాళ్లని, యాప్ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టు, కొరియర్ పేరు తెలిస్తే దాన్నీ చేర్చు. ఒక్కరినే పెడితే ‘తప్పు వాళ్లది’ అని లేనివాళ్ల మీదకి తోసేస్తారు. తేదీల వరుస ఒక పేజీ, ఫిర్యాదు, అఫిడవిట్ (రాసింది నిజమని ప్రమాణం చేసే పత్రం), నంబర్లు వేసిన కాగితాలు, ఇవి కావాలి. కోరేది స్పష్టంగా రాయి: కట్టిన డబ్బు, కట్టిన తేదీ నుంచి వడ్డీ, పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు. 7,490 రూపాయల వస్తువుకి 5 లక్షల పరిహారం అడిగితే నువ్వే తేలికైపోతావు, కమిషన్ నమ్మే అంకె వెయ్యి.

తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలిసుండాలి. నోటీసు అందాక ప్రతివాదులకి జవాబు వేయడానికి 30 రోజులు, మరీ అయితే ఇంకో 15 రోజులు ఇస్తారు, అంతకుమించి పొడిగింపు లేదు. వస్తువుని ల్యాబ్‌లో పరీక్షించక్కర్లేని కేసులు 3 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది, నిరాశపడకు. ఓడినవాళ్లు అప్పీలుకి వెళ్లాలంటే ఆదేశించిన మొత్తంలో సగం ముందే కట్టాలి. ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే 72వ సెక్షన్ కింద జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా దాకా ఉంది. అందుకే చాలా కంపెనీలు నోటీసు అందిన దశలోనే డబ్బు వాపసు చేసి రాజీకి వస్తాయి. రాజీకొస్తే ముందు డబ్బు ఖాతాలో పడనివ్వు, తర్వాతే కేసు వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టు. ఇంకొకటి, కారణం తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్లలోపే వేయాలి. హెల్ప్‌లైన్‌లో మాటలు నడుస్తున్నాయని ఆ గడియారం ఆగదు.

మీ చెల్లెలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి చీర ఆర్డర్ పెట్టిందని, అదీ రాలేదని అమ్మ అంది. దానికి దారి వేరే. కంపెనీ పేరు, చిరునామా లేకుండా ఎవరో వ్యక్తి యూపీఐకి డబ్బు కట్టించుకుని బ్లాక్ చేసి పోతే అది మోసం. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. అక్కడ గంటలు లెక్క, డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉంటేనే ఆపగలరు. చెల్లెలు సిగ్గుపడి ఊరుకుంటుంది, నువ్వే పక్కన కూర్చుని చేయించు.

గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసే ఈమెయిల్ ఈ రాత్రే తయారు చేసి, పంపేముందు నాకు పంపు. తేదీలు, నంబర్లు ఒకసారి సరిచూసి ఇస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న