పిల్ల వరదల్లో తిరగాలేమో అనే భయంతో కోర్సు ఎంచకండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో విపత్తు నిర్వహణ చదువుతానంటోంది. సివిల్ ఇంజినీరింగ్ మేలని మేమంటున్నాం. ఏఐతో విపత్తులను ముందే కనిపెట్టడం నేర్పుతామనే ఆన్‌లైన్ కోర్సు కూడా చూశాం. ఏది మంచిది?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అసలు దిగులు కోర్సు గురించి కాదు. పిల్ల వరదల్లో, శిథిలాల్లో తిరగాల్సి వస్తుందేమోనని. ఆ భయం వదిలేయండి. తాళ్లు, పడవలతో వెళ్లే రక్షణ దళాలు ఈ రంగంలో ఒక భాగమే. ముంపు మ్యాపులు గీయడం, భవనాల తనిఖీ, జనాన్ని ఖాళీ చేయించే ప్రణాళిక రాసి డ్రిల్లులో పరీక్షించడం, ఇవన్నీ ముప్పు రాకముందు జరిగే పనులు.

వాటి విలువ తెలియాలంటే 2010 చూడండి. జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపానికి లక్షమందికి పైగా చనిపోయారు. మరుసటి నెల చిలీలో 8.8 వచ్చింది. విడుదలైన శక్తి దాదాపు 500 రెట్లు ఎక్కువ, మృతులు సుమారు 500 మంది. హైతీలో భూకంప కేంద్రం రాజధానికి దగ్గరగా ఉండటం ఒక కారణం. చిలీలో భవన నిబంధనలు కచ్చితంగా అమలు కావడం మరో పెద్ద కారణం. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం రియాక్టర్లు భూకంపం రాగానే వాటంతటవే ఆగిపోయాయి. కానీ అత్యవసర డీజిల్ జనరేటర్లలో ఎక్కువ భాగం కింది అంతస్తుల్లో ఉండి సునామీ నీటిలో మునిగాయి, కూలింగ్ నిలిచిపోయింది. ప్రకృతి విపత్తు మనిషి చేజేతులా తెచ్చుకున్న విపత్తుగా మారింది అక్కడే.

ఇక ఆ ఏఐ కోర్సు. నాకు దాని మీద గట్టి అనుమానాలే ఉన్నాయి. భూకంపం ఫలానా రోజు వస్తుందని చెప్పే పద్ధతి ఇప్పటికీ లేదు. హెచ్చరిక వ్యవస్థలు చేసేదల్లా, కంపం మొదలయ్యాక ముందు చేరే పి తరంగాన్ని పట్టుకుని, వెనకొచ్చే బలమైన ఎస్ తరంగం కన్నా కొన్ని సెకన్ల ముందు కబురు పంపడం. తుఫాన్లు, వరదల అంచనాలో ఏఐ నిజంగానే పనికొస్తోంది. అయితే దానికి వాతావరణ శాస్త్రం, జలశాస్త్రం, గణాంకాలు పునాది. అవి లేని సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఆ పని చేతికి రాదు.

సివిల్ చదివితే తర్వాత పీజీలో విపత్తుల వైపు రావచ్చు, వేరే ఉద్యోగాలకూ దారి ఉంటుంది. డిగ్రీలోనే విపత్తు నిర్వహణ తీసుకుంటే అన్నీ కొంచెం కొంచెం తెలుస్తాయి, ఒక్క పనిలో పట్టు దొరకడం కష్టం. అయినా ఒక మాట కటువుగానే అంటాను. ఉత్తరం నిండా మీ లెక్కలే ఉన్నాయి, ఆమెకు అందులో ఏం నచ్చిందో ఒక్క ముక్కా లేదు. అడిగారా?

ఆమెకో పని ఇవ్వండి: 200 మందికి మూడు రోజుల పునరావాస శిబిరం ప్రణాళిక వేయమనండి. విపత్తు సహాయానికి అంతర్జాతీయంగా పాటించే స్పియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికో మరుగుదొడ్డి. అంటే 9,000 లీటర్లు, 700 చదరపు మీటర్లు, 10 మరుగుదొడ్లు. ట్యాంకర్ వచ్చే దారి మునిగితే? మరుగుదొడ్ల దగ్గర దీపం లేకపోతే రాత్రి ఆడవాళ్లు వెళ్లగలరా? నడవలేని వాళ్లను ఎవరు తెస్తారు? దేని దగ్గర ఎక్కువసేపు ఆగుతుందో చూడండి. కట్టడం, నీటి సరఫరా దగ్గరైతే సివిల్. దారులు, మ్యాపుల దగ్గరైతే భూగోళశాస్త్రం, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల విద్య). మనుషుల దగ్గరైతే ప్రజారోగ్యం.